సిగ్నల్ ఉన్నంత మేర

ఆదివారం నాలుగు పూజలు.
ఆరింటికి కన్నడం, ఏడున్నరకు తమిళం, తొమ్మిదికి ఇంగ్లీషు.
సాయంత్రం నాలుగింటికి,
రేకుల కింద కుర్చీలన్నీ కాలిపోయాక, తెలుగు.
మార్కాపురం నుంచి, కంభం నుంచి
సెంట్రింగు పనికొచ్చినవాళ్ళు
సిమెంటు వదలని మోచేతులతో మోకరిస్తారు.
సత్ప్రసాదం పెట్టేటప్పుడు చూసిన అరచేతులు
పేర్లకంటే నాకు బాగా గుర్తు.

మావాళ్ళు దీన్ని విచారణ అంటారు.
సరైన పేరే.
కుళాయి ఎందుకు కారుతోంది, స్పీకరు ఎందుకు కూస్తోంది,
గుహ ముందు బైకులు పెట్టిందెవరు,
ఫాతిమమ్మ మొగుడు రాత్రి ఎక్కడ పడిపోయాడు...
వారమంతా నేను విచారిస్తూనే ఉంటాను,
ఆయన నన్ను విచారించే రోజు దాకా.

సోమవారం సెలవు.
నిలువుటంగీ కొక్కేనికి తగిలించి
చీకటుండగానే మాగడి బస్సెక్కుతాను.
ఇన్నాసమ్మ ఎర్ర తువ్వాల్లో కట్టిచ్చిన పులిహోర,
నీళ్ళ సీసా, అడుగు అరిగిన బూట్లు.
"పైన ఎవరున్నారని, గురువా?" అంటుంది ప్రతిసారీ.
ఎవరూ ఉండరనే, అని చెప్పలేను.

సావనదుర్గ మొత్తం ఒకే రాయి.
పొద్దున్నే చేయి ఆనిస్తే
జ్వరం దిగిన నుదురులా చల్లగా ఉంటుంది.
జారే చోట ఎవరో తెల్లసున్నంతో బాణాలు గీశారు.
బలిపీఠం ముందు మాట్లాడని మోకాళ్ళు
ఇక్కడ మాత్రం సణుగుతాయి.

నిరుడు జూలైలో ఒక సోమవారం
పైన మబ్బులో కూర్చుని అన్నం తింటున్నప్పుడు
కెంగేరిలో పదిహేడో అంతస్తు పరంజా విరిగింది.
బాలశౌరి. ఇరవై రెండేళ్ళు.
మూడు గంటలు బతికాడట.
అభ్యంగన తైలం నా గది బీరువాలో,
తాళంచెవి నా జేబులో,
నేను మబ్బులో.
సగం దిగాక ఫోన్లో
పంతొమ్మిది పిలుపులు ఒక్కొక్కటే వచ్చి వాలాయి.

పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను.
ముసలి గురువు చెవి మిషను సర్దుకుని
"నడక పాపం కాదురా" అన్నాడు.
మూడు పరలోక జపాలు చెప్పమన్నాడు.
పాపం కానిదానికి మూడెందుకో నేనడగలేదు.

అప్పట్నించీ సిగ్నల్ ఉన్నంత మేరే ఎక్కుతాను.
రెండో మలుపు దాటాక, రాతి చీలిక దగ్గర
ఆఖరి గీత ఆరిపోతుంది.
అక్కడ కూర్చుని
మిగిలిన కొండను
వేరేవాళ్ళ ఇంటిని చూసినట్టు చూస్తాను.

నిన్న పూజయ్యాక వాళ్ళన్న రాయప్ప ఆగాడు.
అదే బిల్డింగు. ఇప్పుడు ఇరవై మూడో అంతస్తు.
"వాన కడిగిన రోజు
పైనుంచి మీ కొండ కనపడుద్ది గురువా.
మీరే కనపడరు.
సగంలోనే కూచుంటారంటగా, ఇన్నాసమ్మ చెప్పింది."
నేనేమీ అనలేదు.
అతను హెల్మెట్టు చేతుల్లో తిప్పుతూ కాసేపు నిలబడి
బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

రాత్రి వాన పడింది.
బీరువా తాళంచెవి చిన్న ఫాదరు చేతిలో పెట్టే వచ్చాను.
చీలిక దగ్గర ఒక్క గీత మిగిలింది.
డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.
ఆకలి ఉంది. ఇంకొంచెం ఆగగలదు.

కెంగేరి ఎటువైపో సరిగ్గా తెలియదు.
ఎర్ర తువ్వాలు విప్పి
తలకు కట్టుకున్నాను.