తడి పెయింటు

ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లు
లారీల వెనక తలుపుల మీద హంసలు వేశాను.
హంస కదలదు. లారీ కదులుతుంది.
నా హంసలు గౌహతి చూశాయి, కాండ్లా రేవు చూశాయి.
నేను వారధి దాటితే
తాడేపల్లిలో చెల్లెలి ఇంటి దాకానే.

ఇప్పుడు స్టిక్కర్లొచ్చాయి.
టేపుతో కొలిచి, అంటించి, పోతారు.

గవర్నర్‌పేటలో జెరాక్సు కొట్టు మీద రెండో అంతస్తు,
సాయంత్రం ఆరున్నర బ్యాచి.
పదకొండు మంది పిల్లలు, నేనూ.
మొదటి రోజు నన్ను చూసి
ఏసీ రిపేరుకొచ్చాననుకున్నారు.
ఒకడైతే లేచి రిమోటు కూడా అందించాడు.

హవీలా మేడానికి ఇరవై మూడు.
ఏమని పిలవాలో తెలీక వారం పాటు ఏమీ పిలవలేదు.
ఆ తర్వాత, "ఖాజావలి గారూ,
మొదలు మీరు చెప్పండి, ఆఖరు మీరు చెప్పండి,
నడుమదంతా అదే గీసుకుంటుంది" అంది.
నవ్వొచ్చింది నాకు.
నడుమదే గదమ్మా కూలి!

బంతిని ఈ చివర్నుంచి ఆ చివరికి పంపమంది.
తాడు కట్టి ఈడ్చినట్టు పోయింది, ఒకటే జోరు.
"బరువు లేదండీ దానికి."
బరువు సంగతి నాకా చెప్పడం?
సిమెంటు బస్తాల లోడుతో లారీ
మొదటి గేరులో ఎట్లా మూలుగుతుందో,
బెంజి సర్కిల్ కాడ ఎర్రలైటు పడబోతుందని
డ్రైవరు కాలు ముందే ఎట్లా తేలికవుతుందో!
ఆ రాత్రంతా తెర మీద ఒక వంపు గీతని పట్టుకు సాగదీశాను.
సున్నా చుట్టేటప్పుడు కుంచె ఎక్కడ నెమ్మదించాలో
మణికట్టుకి ఎప్పుడో తెలుసు,
నాకే తెలీదు దానికి తెలుసని.
మర్నాడు బంతి బయల్దేరడానికి కాస్త బద్ధకించింది,
పోయింది, తగ్గింది, ఆగింది.
పక్క సీటు కుర్రాడు "అబ్బ" అన్నాడు.
ఆ పూట అందరి టీ డబ్బులూ నావి.

అన్నీ అట్లా కుదరలేదు.
ఒక్క సెమికోలన్ మర్చిపోతే బొమ్మంతా మాయం.
పెయింటులో కుంచె వెంట్రుక అంటుకుంటే
గోటితో లాగేవాణ్ణి, ఇక్కడ ఏ గోరు పనికొస్తుంది?
ఇంగ్లీషు మాటలు అట్టముక్క మీద రాసుకుని
చూసి కొట్టేవాణ్ణి, హిందీ బోర్డులు రాసినట్టే,
అర్థం తెలీకపోయినా వంకర పోకుండా.

కష్టం అది కాదు.

"ఇక దీన్ని ముట్టుకోనివ్వాలి" అంది ఒక రోజు.

ఇరవై ఆరేళ్లు ప్రతి బొమ్మ పక్కనా
సుద్దముక్కతో నేను రాసింది ఒకటే:
పెయింటు తడి. ముట్టొద్దు.
క్లీనర్ కుర్రాళ్లని తరిమాను, మేకల్ని తరిమాను.
మా షాహిన మూడేళ్లప్పుడు
నెమలి కంట్లో వేలు పెడితే
చెయ్యి మీద ఒకటి వేశాను.
వారం దాకా ఆ నీలం దాని గోటి సందులోంచి పోలేదు.

ఇప్పుడు బొమ్మే కాచుక్కూచోవాలట.
ఎవరొస్తారో తెలీదు, ఎటునుంచో తెలీదు.
ఒకసారి నొక్కి పోతాడో, పదిసార్లు పొడుస్తాడో,
ప్రతి రాకకీ జవాబు ముందే రాసిపెట్టాలి.
"ఎవరూ రాకపోతే?" అన్నాను.
హవీలా కాసేపు పెన్ను కొరికింది.
"ఊపిరి తీసుకుంటూ ఉండనివ్వండి.
రెక్క ఒక రవ్వ పైకి, ఒక రవ్వ కిందికి."

హంసనే వేశాను. లారీ తలుపు మీదే,
గొళ్లెం కింద తుప్పుతో సహా.
బాణం దగ్గరికొస్తే తల తిప్పుతుంది.
తాకితే ముక్కుతో పొడిచి,
అలిగి, మెల్లగా రెక్క ముడుచుకుంటుంది.
అలక తీరడానికి రెండు సెకన్లు పెట్టాను.
తక్కువంది హవీలా,
చాలా ఎక్కువంది మా ఆవిడ.

షాహినకి పందొమ్మిది ఇప్పుడు.
షెడ్డులో, టిన్నర్ వాసనలో, ఫోను చేతికిచ్చి
"ముట్టుకో" అన్నాను.
వేలు చాపి నా మొహంలోకి చూసింది.
"ముట్టుకో, ఏం కాదు."
తాకింది. హంస పొడిచింది. పకపకా నవ్వింది.
నవ్వుతూనే, తనకి తెలీకుండానే,
ఆ వేలి కొసని
బొటనవేలితో ఒకసారి రుద్ది చూసుకుంది.