ఎడమ పేజీ

మూడో గోలీని నేను.
నిలబెట్టే అవసరం ఎట్లాగూ రాదని
పి.డి. సారు రెండొందల పేజీల నోటుబుక్కు చేతికిచ్చి
"కుడి పక్కన స్కోరు రాయి, కొట్టివేతలు లేకుండా" అన్నాడు.
ఎడమ పక్కన ఏం రాయాలో చెప్పలేదు.

ఆగస్టు. చిత్తూరు, మా గ్రౌండు. పీలేరు వాళ్లతో.
కుడి పేజీ: ఒకటి, సున్నా.
ఎడమ పేజీ:
ఢిల్లీబాబు ముందురోజే కొండకు పోయి గుండు చేయించుకొచ్చినాడు,
అక్క కాన్పు మొక్కు.
కార్నర్ నుంచి వంగి వచ్చిన బంతికి
అందరికంటే జానెడు పైకి లేచినాడు.
ఆ చప్పుడు,
కొనేముందు కుండను వేలి కణుపుతో కొట్టి చూస్తారే, అది.
వలలోంచి తీసిన బంతి మీద
అరచేయంత గంధం.
రిఫరీ తుడవబోయి, వాసన చూసి,
అట్లే నడిగీత మీద పెట్టినాడు.

సెప్టెంబరు. పలమనేరు. సన్న చినుకు.
ఖాదర్‌వలీ పెనాల్టీ పట్టినాడు.
ఆపడం కాదు, పట్టడం.
"ఎట్లరా?" అంటే, మోచేతుల బురద గీక్కుంటూ
"దామలచెరువు మండీలో రెండు ఎండాకాలాలు
లారీ మీంచి మామ విసిరేవాడు, కింద నేను.
కాయ నేల తాకితే కూలిలో కోత.
చేయి చూస్తే ఆలస్యమైపోతుంది, భుజం చూడాల.
వీనిది తుంటి చూసినా. కాలు చూళ్లా."
ఈ మాట రెండుసార్లు రాసుకున్నా.
మూడో గోలీకి ఎప్పుడన్నా పనికొస్తుందని.

శ్రీకాళహస్తితో సున్నా, సున్నా.
ఎడమ పేజీ: సగం ఆటలో గ్రౌండులోకొచ్చిన కుక్క
మా పదకొండు మందికంటే బాగా తప్పించుకునింది.

చెంగల్రాయుడు చేసింది ఏమీ లేదు.
అదే రాయాల.
కుడి రెక్క నుంచి మునిరత్నం నేలబారుగా కొట్టిన పాసు
వాని కాళ్లకాడికొచ్చేసరికి
ఇద్దరు డిఫెండర్లు, గోలీ,
గోడెక్కి కూర్చున్న పాలిటెక్నిక్ పిల్లకాయలు, నేను,
అందరం వాని కుడికాలి వైపు ఒరిగినాం.
వాడు కాళ్లు ఎడం చేసి
పెండ్లి పందిట్లో పసిబిడ్డకు దారి వదిలినట్టు
బంతిని పోనిచ్చినాడు.
వెనక నుంచి గుణశేఖర్ వచ్చి కొట్టినాడు.
కుడి పేజీలో గోలు గుణశేఖర్‌ది.
తాకనిదాన్ని రాసే గడి
ఏ పుస్తకంలోనూ గీసి ఉండదు.

అక్టోబరులో ఒకసారి నేనూ బంతి ముట్టినా.
గోడ దాటి నీవా ఏట్లో పడింది.
నీళ్లెక్కడివి, కంపచెట్లు.
ముల్లు దిగిన పాదంతో పరిగెత్తి తెచ్చేసరికి
సారు గడియారం చూస్తా ఉన్నాడు.
ఆ రోజు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా.

డిసెంబరు. కుప్పం. ఫైనలు.
ఇంక మూడు నిమిషాలు. వాళ్లకు ఫ్రీకిక్.
గుణశేఖర్ వెనక్కి పరిగెత్తుతూ
గాల్లో నడుము తిప్పి
తల పక్కతో బంతిని మెత్తగా కోసినాడు.
పై కడ్డీకి కింద, పక్క కడ్డీకి లోపల,
ఖాదర్ చేతికి వేలెడు దూరంలో.
సీజనంతా అంత అందమైన హెడ్డరు నేను చూడలేదు.
మా గోల్లో పడింది.

వి.కోట దాటినాక బస్సులో లైట్లు ఆర్పేసినారు.
సారు కొన్న చెనిగ్గింజల పొట్లం
ఇరవై చేతులు మారి నిండుగానే ముందుకుపోయింది.
గ్లవుజులు తీయకుండానే ఖాదర్ నిద్రపోయినాడు.
గుణశేఖర్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.
"రాసినావా?"
"కుడి పక్కన రాసినా."
"ఎడం పక్కన?"

ఇచ్చినా.
ఫోను వెలుతురులో చదివినాడు.
బస్సు రెండు మలుపులు తిరిగిందాకా అదే పేజీ.
తర్వాత పెన్ను అడిగి
'వేలెడు' కొట్టేసి
'మూరెడు' అని దిద్ది,
పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టినాడు.