ఐదో గడి

ఆండీస్ కొండల మీది ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన జూన్‌లో
ముప్పై నాలుగో పేజీ తెరిచాను.
సీసాలో తడి దూది, దూదిలో చిక్కుడు గింజ.
కిటికీ దగ్గర పెట్టండి, అంది పుస్తకం.
పెట్టాం.
పదకొండుమంది పిల్లలు, పదకొండు సీసాలు,
ఒక్కోదాని మీద ఒక్కో పేరు, నా గుండ్రటి అక్షరాల్లో.

తెల్లారేసరికి దూది రాయి.
గింజ నల్లగా.
లిమాలో, సముద్రం పక్కన పుట్టినదాన్ని,
చలి అంటే స్వెటరనుకున్నదాన్ని,
ఏం చెప్పాలో తెలీక సుద్దముక్క వెతుక్కున్నాను.
రూఫో ఓదార్పుగా అన్నాడు:
"ఇది మొలకెత్తే నెల కాదు టీచర్, తొక్కే నెల."

ఆ మధ్యాహ్నం బడి మూసి, వాళ్లే నాకు పాఠం చెప్పారు.
ఎత్తు మీద, ఎండుగడ్డి మైదానంలో
బంగాళాదుంపలు పరిచి ఉన్నాయి, ఏటి ఒడ్డున గులకరాళ్లలా.
రాత్రి మంచు కొరుకుతుంది,
పగలు ఎండ పీలుస్తుంది,
మధ్యలో మనం వట్టి కాళ్లతో తొక్కుతాం.
తొక్కాను.
అరికాలి కింద నీళ్లు చిమ్మాయి,
వేళ్ల సందుల్లో తొక్కలు ఇరుక్కున్నాయి.
ఎదిల్బెర్తా వాళ్ల అవ్వ నా పాదాలు చూసి నవ్వింది,
ముందుపళ్లు లేని నవ్వు.
ఇలా ఎండిన దుంప ఏళ్ల తరబడి నిలుస్తుందట,
చెక్కముక్కంత తేలిగ్గా, కరువు కోసం కాచుకుని.

అక్టోబర్‌లో గది మూల గోనెసంచి విప్పాం.
ఎవరూ నీళ్లు పోయలేదు, కిటికీ దగ్గర పెట్టలేదు,
చీకట్లోనే దుంపలు ఊదారంగు మొలకలు చాచాయి.
"దీనికి ఏడు కళ్లు" లెక్కపెట్టింది ఎదిల్బెర్తా.
"వాన వస్తుందని దానికెలా తెలిసింది?"
అడగాల్సింది వాళ్లు. అడిగింది నేను.
"నిద్ర చాలింది, అంతే."

రూఫో నాన్న కాలినాగలితో పెళ్ల లేపుతుంటే
కన్ను పైకి చూసేలా
ఒక్కొక్కరూ ఒక్కో దుంప పెట్టారు.
ఈసారి పేర్లు రాయలేదు.

సెలవులయ్యాక మార్చిలో తిరిగొస్తే
చివరి పూలు, ఊదావి, తెల్లవి, తడిసి తలవంచి.
దుంప వేరు కాదర్రా, మట్టిలో దాక్కున్న కాండం, అన్నాను.
ఆ ఒక్కటీ వాళ్లకి తెలీదు!
వారం రోజులు ఒకర్నొకరు
"ఒరే దాక్కున్న కాండం" అని పిలుచుకున్నారు.
నారింజ ఆకులు రాల్చే చెట్టు బొమ్మ చూసి మాత్రం
"దానికి జబ్బా టీచర్?" అన్నారు.
పదకొండు పెట్టెల్లోనూ నారింజ పెన్సిల్ అరగలేదు.

మళ్లీ జూన్. తవ్వారు, పరిచారు.
ఆకాశం మబ్బు కప్పుకుంది.
మూడో రాత్రీ వెచ్చగానే, తొమ్మిదో రాత్రీ.
స్వెటర్ లేకుండా హాయిగా నిద్రపోయినదాన్ని నేనొక్కదాన్నే,
పొద్దున్న మైదానం నుంచి కుళ్లు వాసన.
అవ్వ ఒక దుంప చిదిమి చూసి
పాదాలు పావడాలోకి ముడుచుకుంది.

జూలై పరీక్ష. ఆరో ప్రశ్న:
నాలుగు గడుల్లో నాలుగు ఋతువులు గీయండి.
ఎదిల్బెర్తా గీసింది,
కళ్లు తెరిచిన దుంప,
వానలో పువ్వు,
నిండిన గోతాం,
మంచు మీద పాదాలు.
పక్కన, స్కేలు లేకుండా, తనే గీసుకున్న ఐదో గడి.
కింద దుంపలు, పైన మబ్బు.
పేరు రాయాల్సిన చోట ఖాళీ.

"అవ్వనడిగాను" అంది. "అవ్వకీ తెలీదట.
మీ పుస్తకంలో ఉందా టీచర్?"

ఎర్ర కలానికి మూత పెట్టి
మొదటి పేజీ నుంచి వెతుకుతున్నాను.