పసుపు గుట్ట మీంచి

జొహానెస్‌బర్గ్‌కి దక్షిణాన
బంగారు గనులు కక్కిన మట్టి గుట్ట.
దాన్ని కొండ అంటే మొకెతి ఒప్పుకోడు.
"కొండకి వేళ్ళుంటాయి బుసిస్వా,
ఇది ఎవరో దులిపి పారేసిన చొక్కా."

వారానికి మూడు సాయంత్రాలు
తెగిన కంచెలోంచి వంగి దూరి ఎక్కుతాం.
అతని చంకలో అట్ట, జేబులో నాలుగు కుంచెలు.
నా మెడలో
ఎంతకీ అమ్ముడుపోక పిన్ని నాకిచ్చేసిన కెమెరా.
పైకెళ్ళాక మాటలుండవు.

ఎడమన బ్రిక్స్‌టన్ టవరు, ఒంటరిగా,
క్లాసు బయట నిలబెట్టిన పిల్లాడిలా.
నడుమ కార్ల్‌టన్ వెడల్పాటి భుజాలు.
కుడివైపు పాంటే, గుండ్రంగా, లోపలంతా బోలు.
చీకటి పడగానే
దాని నెత్తిన ఏదో ఫోన్ కంపెనీ పేరు వెలుగుతుంది.

సెకనులో రెండువందల యాభయ్యో వంతు నా పని.
అతనికి పాంటే ఒక్కదానికే మూడు వారాలు పట్టింది.
మధ్యలో ఒకరోజు ఉరుములొచ్చి
ఆకాశం తడిసిపోతే
తుడిచేసి మళ్ళీ మొదలెట్టాడు.

పసుపు రంగు మాత్రం కొనడు.
కాళ్ళ దగ్గరి మట్టి పిడికెడు తీసి
పాత మేజోడులో జల్లించి
అవిసె నూనెలో నూరతాడు.
టన్నుకి పావు గ్రాము బంగారం ఉంటుందట ఇందులో.
"అయితే నేనూ షావుకారునే" అని నవ్వబోయి
దగ్గుతాడు.
వాళ్ళ నాన్న కూడా అచ్చం ఇలాగే దగ్గేవాడట,
భూమి లోపల మూడు కిలోమీటర్ల నుంచి
ఇంటికి తెచ్చుకున్న జీతం అది.

ఆ పావు గ్రాము కోసమే మార్చిలో మిషన్లొచ్చాయి.
నీటి ఫిరంగులు. రాత్రీ పగలూ.
గుట్ట పల్చటి చారై
గొట్టాల్లో పడి ఎటో పోతోంది.
పోయిన మంగళవారం కాలు పెట్టిన చోట
ఈ మంగళవారం గాలి.

కాపలాకి ముద్జానాని అనే మనిషిని పెట్టారు.
"ఫొటోలు తియ్యకూడదు" అన్నాడు మొదటిరోజు.
రెండోరోజు కుర్చీ జరిపి చోటిచ్చాడు.
మూడోరోజు వేలు చాపి చూపించాడు:
"ఆ బూడిదరంగు మేడ లేదూ,
అందులో ఇరవై ఒకటో అంతస్తు మా ఆవిడ తుడుస్తుంది,
రాత్రి డ్యూటీ. ఆ కిటికీలో దీపం పెట్టవా?"
మొకెతి గుండుసూది మొన ముంచి
పసుపు చుక్క ఒకటి పెట్టాడు.
ముద్జానాని దాన్నే చూస్తూ టీ చల్లార్చుకున్నాడు.
నేనూ ఇంటికెళ్ళి నా ఫొటోలో వెతికాను.
పెద్దది చేసేకొద్దీ ఆ కిటికీ
గళ్ళు గళ్ళుగా విడిపోయింది.

ఆగస్టు గాలుల్లో, బయటికెళ్ళలేని ఓ ఆదివారం
ఫొటోలన్నీ తారీఖుల వరసలో పేర్చి
పేకముక్కల్లా బొటనవేలితో దొర్లించాను.
ఊరు పెరుగుతోంది!
ముందున్న గోదాముల రేకులు
లేచి లేచి బ్రిక్స్‌టన్ గొంతు దాకా వచ్చాయి.
మళ్ళీ దొర్లించాను.
ఒక్క ఇటుకైనా ఎవరూ పేర్చలేదు.
దిగుతున్నది మేము.

జకరండాలు ఊదారంగు రాల్చే రోజులకి
గుట్ట మా నడుము ఎత్తు కూడా లేదు.
మొకెతి బురదలోనే ముక్కాలిపీట వేసి
ఎదురుగా ఏముందో అదే గీశాడు.
గోదాం గోడ.
ఎవరో రాసిన బూతుమాటతో సహా.
పైన మిగిలిన అంగుళం ఆకాశంలో
పాంటే నెత్తిమీది దీపం సగం.
నేను ఆ రోజు కెమెరా తియ్యలేదు.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

మాబొనెంగ్‌లో అతని బొమ్మలు పెట్టారు.
కోటు తొడుక్కున్న ఒకాయన
పెద్ద బొమ్మ ముందు చాలాసేపు నిలబడి,
తన ఫోన్లో మ్యాపు అటూ ఇటూ తిప్పి,
"ఈ ఎత్తులో అటువైపు ఏమీ లేదే,
ఎక్కడ నిలబడి వేశారు?" అన్నాడు.
మొకెతి వంగి
బొమ్మ అడుగున మందంగా ఉన్న పసుపు మీద
గోటితో గీకాడు.
"ఇక్కడ."

గోట్లో కాస్త ఇరుక్కుంది.
ప్యాంటుకి తుడుచుకున్నాడు.