చేబదులు

ముందే ఒప్పుకుంటాను.
సముద్రపు నాచును మూడు వానలకు వదిలేసి
ఉప్పంతా దిగాకే దుంపల సాళ్ళలో పరవాలన్నది
నేను కనిపెట్టిన సంగతి కాదు.

నిరుడు ఆ వీడియోలో
నా చేతులే కనిపించాయి, నా గొంతే వినిపించింది.
నలభై వేలమంది చూశారు.
ఎక్కడో ఎడారి అంచున ఉండే ఒక పెద్దాయన
"నీ చేతికి దండం" అని రాశాడు.
ఆ దండాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ చెయ్యి ఎదువీనా నౌతోది.
మా చిలోయే దీవి నుంచి మరపడవలో గంటన్నర.
చిన్న తునక, పదకొండు ఇళ్ళు,
గొర్రెల కన్నా వానలెక్కువ.
తను తీసింది లోకానికి ఎక్కించాలంటే
చర్చి వెనక గుట్టెక్కి, ఫోను పట్టుకున్న చేతిని
గంట కన్నా ఎత్తుకి చాపాలి.
ఆమెను చూసేవాళ్ళు రెండువందల ఆరుగురు.
అందులో నేనొకణ్ణి,
నా పేరుతో కాదు, "పసుపు బూట్లు" అన్న పేరుతో.
నత్తల గురించి అడిగేవాణ్ణి, బూడిద గురించి అడిగేవాణ్ణి.
ప్రతిసారీ జవాబిచ్చేది, పిల్లాడికి చెప్పినట్టు.
ఆమె మాటల వెనకాల ఎప్పుడూ
గిన్నెలో నీటిచుక్క పడుతున్న చప్పుడు.

ఈ జనవరిలో ఆకుమాడు వచ్చింది.
రాత్రికి రాత్రే మొక్కలు
ఉడికిన తోటకూరలా వాలిపోయాయి.
దుంప తవ్వి తీయబోతే వేలు లోపలికి దిగింది.
ఆ కంపు రొట్టె తింటున్నా పోలేదు.
నేనేం చేశాను?
కెమెరాను పచ్చగా మిగిలిన మూలకి తిప్పి
పిడికిలంత వెల్లుల్లిపాయ చూపించి నవ్వాను.

అదే సాయంత్రం ఎదువీన
కుళ్ళిన దుంపను అరచేతిలో చిదిమి చూపించింది.
"ఇది పోయింది. ఇదీ పోయింది.
ఈ నల్లది మాత్రం నిలబడింది,
మా అత్త దీన్ని మొండిపిల్ల అనేది.
విత్తనం కావలసినవాళ్ళు పడవవాడికి సంచీ ఇచ్చి పంపండి."
కుక్క మొరిగింది. వాన చినుకు అద్దం మీద పడింది.
తుడవలేదు.

మా దగ్గర ఒక పద్ధతుంది.
ఇవాళ నీ దుంపలు నేను తవ్వితే
రేపు నా ఇంటి కప్పు నువ్వు ఎక్కుతావు.
రోజులు మార్చుకోవడం అంటాం.
ఎవరూ రాసుకోరు, ఎవరూ మరవరు.
ఆ రాత్రి పొయ్యి పక్కన కూచుని లెక్కేశాను,
ఆమె రోజులు ఎన్ని తిన్నానో.
వేళ్ళు చాలక మానేశాను.
పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు.
పనికొచ్చింది కదా, బాగానే పనికొచ్చింది,
ఎవరి పెరడో చెప్పడానికే నోరు రాలేదు.

పొద్దున కుళ్ళిన సాలు మధ్యన కూచున్నాను.
మా ఆవిడ ఫోను పట్టుకుంది, ఏమీ అనలేదు.
నాచు ఆమెది, అన్నాను. బూడిద ఆమెది.
ఎదువీనా నౌతో.
మొదటిసారి గొంతు పూడుకుపోయింది, మళ్ళీ చెప్పాను.
ఆమె తోటలోకి వెళ్ళి చూడండి,
నిదానంగా మాట్లాడుతుంది, ఓపిక పట్టండి.
కొందరు తిట్టారు, కొందరు వెళ్ళిపోయారు.
వెళ్ళినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో
గుట్ట మీద ఆమెకే తెలియాలి.

తన వీడియోలో నా ఊసెత్తలేదామె.
గురువారం పడవవాడు ఒక సంచీ దించాడు.
పాత పేపర్లో చుట్టిన తొమ్మిది నల్ల దుంపలు,
కళ్ళు చెదరకుండా.
సంచీ మీద బొగ్గుతో రాసి ఉంది,
"పసుపు బూట్లకి".

కాళ్ళకేసి చూసుకున్నాను.
నా ప్రతి వీడియోలోనూ ఉన్నాయవి,
బురదలో కూడా మెరుస్తూ.

దుంపల్ని సెప్టెంబరు దాకా చీకట్లో దాచాలి.
ఈలోపు చెక్కపెంకులు చీల్చి ఎండబెడుతున్నాను.
ఆ గిన్నె చప్పుడు పడమటి గది నుంచి అనుకుంటా.
నిచ్చెన పడవలో పడుతుందో లేదో
పడవవాణ్ణి అడగాలి.