నీలం గీత

సొహార్‌ల పొద్దున ఏడూ నలభై ఐదైతే
అక్కడ బొంబాయిల బజారు తెరుస్తరు.
అప్పటికి నేను సముద్రం ఒళ్లు పట్టి చూసి
గంటా ముప్పావైతది.

ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు మాది.
లోపలికొచ్చే నీళ్ల వేడి, ఉప్పు, మడ్డి
మూడు గంటలకోపాలి రిజిస్టర్ల రాసుడు నా పని.
ముప్పై ఒకటి. ముప్పై ఒకటిన్నర. ముప్పై.
ఓనాడు ఎర్రనాచు తేలొచ్చి జాలీలు మూసుకపోయినయి,
పంపులు ఆగినయి, సార్లు ఉరికిండ్రు,
రాత్రంతా ఎవలం పండలే.
నెలాఖరుకు సగటు తీస్తే
ఆ రాత్రి అందుల ఎక్కడా కనవడలే.

అందుకే కావచ్చు
కింది మంచం ఓదెలు ఫోన్‌ల ఆ బొమ్మ చూపెడితే
నాకు జెప్పన సమజైంది.
ఎగురుకుంట దుంకుకుంట పోయే ధర,
దాని వెనుక మెల్లగ ఒక నీలం గీత:
జాతరల ఉరికే పోరని వెంట
చెప్పులు చేతబట్టుకొని నడిచే అవ్వ లెక్క.

"రెండువందల రోజుల సగటు బావా.
పోరడు అవ్వను ఇడిచి శానా ముందటికి ఉరికిండా, పిరం.
శానా ఎనకకు పడ్డడా, అగ్గువ.
ఎప్పటికైనా అవ్వ దగ్గరికి రావాల్సిందే గదా!"

కరెంటు వైర్లు చేసే కంపెనీ అది.
గీత నూట ఇరవై మీద ఉన్నది,
ధర ఎనభై నాలుగు.
నూటికి ముప్పై తక్కువ!
కూరగాయల సూకుల కూడ
గంత తగ్గిచ్చి ఎవడిస్తడు?
ఐదువందల షేర్లు కొన్న.
నలభై రెండు వేలు.
కొత్త కండ్లద్దాలకు దాచినయి కూడ అండ్లనే పోయినయి.

జూన్‌ల పన్నెండున్నరకు బయటి పని బంద్.
రేకుల నీడకు అందరు తువ్వాల కప్పుకొని పండుకుంటే
బజారు ఆఖరి గంటన్నర నేను కాపలా ఉంటుంటి.
ఎనభై. డెబ్బై ఆరు. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఏడు.
పోరడు కూసున్న కాడనే కూసున్నడు.

కదిలింది గీత.

రోజుకొక పాత రోజును ఇడుస్తది అది,
రోజుకొక కొత్త రోజును సంకల ఎత్తుకుంటది.
ఇడిచేది నూట నలభై నాటిది,
ఎత్తుకునేది డెబ్బై ఎనిమిదిది.
ఇగ కిందికి గాక ఎటు పోతది?
ఎండలు పోయినయి, ఖర్జూరాలు అయిపోయినయి,
ఫిబ్రవరిల దుప్పటి తీసిన నాటికి
గీత ఎనభై ఒకటి, ధర డెబ్బై తొమ్మిది.

అవ్వ దగ్గరికి పోరడు రాలే.
పోరడు పడ్డ గుంతలకు అవ్వనే దిగింది.

ఇప్పుడు పిరమూ గాదు, అగ్గువా గాదు అంటది లెక్క.
నావి రెండున్నర వేలు మాత్రం లేవు.

"గీత అబద్ధం చెప్పదు బావా" అన్నడు ఓదెలు.
చెప్పదు. నిజమూ దానికి తెల్వదు.
కంపెనీకి ఎంత అప్పున్నదో తెల్వదు,
రెండో షిఫ్టు ఎందుకు బంద్ పెట్టిండ్రో తెల్వదు.
మనసోంటోళ్లు మొన్న, అటుమొన్న
ఎంత పెట్టి కొన్నరో, గదొక్కటే యాదికుంటది దానికి.
అందరం కలిసి తప్పు జేస్తే
ఆ తప్పుకు కూడ సగటు తీసి చూపెడతది.

మొన్న స్టోర్‌ల పాత రిజిస్టర్లు సదురుతుంటే
నేనొచ్చిన ఏడాది పుస్తకం చేతికొచ్చింది.
నా రాతే, ఇంకా గుండ్రంగుండె అప్పుడు.
ఆగస్టుల ఒక అంకె చుట్టు ఎర్ర ఇంకు,
పక్కన 'వేడి మస్తెక్కువ, సారుకు చెప్పాలె' అని.

ఆ అంకెను ఇప్పుడు రోజూ రాస్తున్న.
నల్ల ఇంకుతోటి.
ఎవ్వరికి చెప్తలేను.

"అమ్ముతవా ఉంచుతవా?" అని అడిగిండు ఓదెలు రాత్రి,
పై మంచం కేసి చూసుకుంట.
ముందుగాల ఆ కంపెనీ లెక్కల కాగితం చూపియ్యమన్న.
నలభై పేజీలున్నది. అక్షరాలు సన్నగున్నయి.
పాత అద్దాలు ముక్కు కొసకు జరుపుకొని
మొదటి పేజీ కాడ కూసున్న.