పిడికిట్లో గవ్వ

ఫహాహీల్‌లో ఆదివారం, మొదటి పీరియడ్.
"పుస్తకం తీయండి, తేదీ వేయండి, మూడో లెక్క చేయండి."
ముప్ఫై ఆరు తలలు వంగుతాయి.
ముదస్సిర్ పుస్తకం తీసి
అక్కడే ఆగిపోతాడు.
మిగతా రెండు మాటలూ
ఏసీ రొదలో ఎక్కడో జారిపోయి ఉంటాయి.

వాటిని వెతకడానికే లేస్తాడు కాబోలు,
లేచినవాడు కిటికీ దాకా వెళ్తాడు.
దారిలో ఒకరి రబ్బరు, ఇంకొకరి జడ.
తిరిగొచ్చేసరికి మూడు ఫిర్యాదులు.

డైరీ నిండా నా ఎర్ర సిరా:
కుదురు లేదు. మాట వినడు. తండ్రి రావలెను.
వచ్చాడు తండ్రి,
మంచినీళ్ల ట్యాంకరు గేటు బయట ఆపి.
కుర్చీ చూపించినా కూర్చోలేదు.
"కండ్లు రెండు ఇడిసిపెట్టి
యాడన్నా కొట్టండి మేడం" అన్నాడు
రాయచోటి గొంతుతో.
నా చేతిలో స్కేలు నాకే బరువైంది.
చిన్నప్పుడు నా వేలి కణుపుల మీద విరిగిన బెత్తం
నాకేం నేర్పింది?
బెత్తం ఎటునుంచి వస్తుందో కనిపెట్టడం. అంతే.

వినడు అనుకున్నాను.
వింటాడు, నిలవదు.
దోసిట్లో నీళ్లు పోసి
ఎందుకు కారాయని నీళ్లను తిడితే ఎట్లా?
వేళ్ల సందులు చూపించాలి,
దగ్గరికి చేర్చడం నేర్పాలి.

బల్ల మీద మూడు బొమ్మలు అంటించాను,
పుస్తకం, తేదీ, లెక్క.
ఒకటయ్యాక ఒకటి వేలితో తడుముకుంటాడు
చీకట్లో మెట్లు దిగేవాడిలా.
శుక్రవారం సముద్రం ఒడ్డున ఏరిన గవ్వ ఇచ్చి చెప్పాను:
"జవాబు నోట్లోంచి దూకబోతే దీన్ని నొక్కు.
నీ వంతు వచ్చేదాకా మాట ఇందులో ఉంటుంది."

మొదటి రెండు వారాలు గవ్వను మర్చిపోయాడు.
మూడో వారం విసిరాడు, ట్యూబులైటు తప్పించుకుంది.
ఆ తర్వాత ఒకరోజు
చెయ్యి లేచింది, నోరు లేవలేదు.
అది చూడకుండా నేను ఇంకో పిల్లను అడిగేశాను.
ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

మే నెలలో దుమ్ము తుఫాను.
పట్టపగలే కిటికీల నిండా పసుపు చీకటి.
ఆటల పీరియడ్ రద్దు, బస్సులు ఆలస్యం,
ఒకరికి దగ్గు, ఒకరికి ఏడుపు,
దిద్దని పేపర్ల కట్ట జారి నేలంతా పరుచుకుంది.
అరిచాను.
ఆ గొంతు నాదని నాకే తెలియనంతగా.

గదంతా బిగుసుకుపోయింది.
ముదస్సిర్ లేచాడు.
దారిలో ఎవరి జడా లాగలేదు.
చెమట పట్టిన గవ్వను నా అరచేతిలో పెట్టి
"నొక్కండి టీచర్,
మీ వంతు వచ్చేదాకా" అన్నాడు.

మర్నాడు లెక్కల పుస్తకం ఇంట్లో మర్చిపోయి వచ్చాడు.
డైరీ తెరిచాను,
ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.
వాడు మాత్రం బల్ల మీదికి వంగి
మూడు బొమ్మల పక్కన జానతో కొలుస్తున్నాడు:
"ఇక్కడ సంచీ బొమ్మ పడుతుంది టీచర్.
నేనే గీస్తా."